ఎండలో ఆరిన ఆకు కోసం: తేయాకు సేకరణ డైరీ

మార్చి 2, విశాఖపట్నం

మా చెల్లెలూ నేనూ కలిసి నడుపుతున్న పదహారు కుర్చీల టీ దుకాణంలో ఇప్పటిదాకా అమ్మినదంతా సీటీసీ పొడే. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, గుళికలుగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో పుట్టింది. పాలలో మరిగించుకోవడానికి అంతకన్నా అనువైన సరుకు మరొకటి లేదు. దాని మీద నాకు చిన్నచూపు కూడా లేదు, మా దుకాణం అద్దె కడుతున్నది అదే. అయితే యంత్రాలు రాకముందు ఆకును ఎలా తయారుచేసేవారో అదే తీరున ఈనాటికీ చేస్తున్న నాలుగైదు టీలను వెతికి తెచ్చి, పాలూ చక్కెరా లేకుండా మా దుకాణానికి వచ్చేవారికి రుచి చూపించాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ప్రయాణ ఖర్చులతో కలిపి రూ. 2,60,000 పక్కన పెట్టుకున్నాము.

రెండు నియమాలు రాసుకున్నాను. తయారీలో కనీసం ఒక్క దశనైనా నా కళ్లతో చూడని టీని కొనకూడదు. ఎక్కడ పండిందో, ఎప్పుడు కోశారో చెప్పలేని సరుకును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. వెళ్లవలసిన చోట్లు మూడు: ఎగువ అస్సాం, డార్జిలింగ్, చైనాలోని యునాన్ రాష్ట్రంలో షిషువాంగ్‌బన్నా ప్రాంతం. విదేశాల నుంచి వచ్చే తేయాకు మీద మన దేశంలో మామూలు దిగుమతి సుంకమే 100 శాతం కాబట్టి, యునాన్ నుంచి ఈసారి మా ఇంట్లో రుచి చూసుకోవడానికి సరిపడే నమూనాలు మాత్రమే తెస్తాను. అమ్మకానికి తెప్పించే సంగతి ఆ తరువాత చూస్తాము.

మార్చి 15, మార్గెరిటా

డిబ్రూగఢ్‌లో దిగి, తిన్సుకియా మీదుగా మధ్యాహ్నానికి ఇక్కడికి చేరుకున్నాను. దారి పొడవునా ఒక పక్క తేయాకు తోటలు, లేడో దగ్గరపడుతున్నకొద్దీ బొగ్గు లారీలు. నేను వచ్చింది ఆ పెద్ద తోటల కోసం కాదు, సింగ్‌ఫో గిరిజనుల ఇళ్లలో వెదురు బొంగుల్లో తయారయ్యే ఫలాప్ అనే టీ కోసం.

అస్సాం టీ కథ ఈ సింగ్‌ఫోల దగ్గరే మొదలయింది. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వ్యాపారికి ఇక్కడి అడవిలో పెరిగే తేయాకును చూపించినవాడు బీసా గామ్ అనే సింగ్‌ఫో నాయకుడు. 1839 జనవరిలో అస్సాం టీ మొదటిసారి లండన్‌లో వేలానికి వచ్చింది. ఆ ఏడాదే అస్సాం కంపెనీ ఏర్పడింది. మొక్కను చూపించినవారి చేతికి ఆ వ్యాపారంలో ఏమీ మిగలలేదు గానీ, వాళ్ల టీ మాత్రం వాళ్ల పొయ్యిల మీద అలాగే నిలిచింది.

నేను వెళ్లిన ఇంటి పెరట్లో తేయాకు చెట్లు నిజంగా చెట్లే. తోటల్లో నడుము ఎత్తున కత్తిరించి ఉంచే పొదలను చూసిన కళ్లకు, నిచ్చెన వేసి కోయవలసిన తేయాకు కొత్తగా కనిపిస్తుంది. నేను చేరుకునేసరికి ఉదయం కోసిన చిగుళ్లను పెద్ద ఇనుప మూకుడులో వేసి, మాడిపోకుండా చేత్తో ఎగదోస్తూ వేడి చేస్తున్నారు. పచ్చి వాసన పోయి ఆకు మెత్తబడగానే దించి, వెదురు చాప మీద అరచేతులతో నలిపి, ఎండలో పరిచారు. నిన్నటి ఆకు ఒక చాప మీద, మొన్నటిది మరొక చాప మీద ఉంది. రాత్రి మంచు కూడా తగలనిస్తారు. బాగా ఎండాక ఆ ఆకును మళ్లీ కాస్త వేడిచేసి, పచ్చి వెదురు బొంగులో కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో గట్టిగా కూరతారు. నోటికి ఆకు బిరడా పెట్టి, పొయ్యి పైన కట్టిన తడక మీద ఆ బొంగును పడుకోబెడతారు. ఇంటి వంట సాగుతున్నంతసేపూ కింది నుంచి పొగ తగులుతూనే ఉంటుంది. చివరికి బొంగును చీలిస్తే నల్లటి కడ్డీలాంటి టీ బయటపడుతుంది. కావలసినప్పుడల్లా దాన్ని కత్తితో బిళ్లలుగా తరుక్కుంటారు. ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది.

అరకు దారిలో బొంగు చికెన్ తిని పెరిగిన మాకు వెదురులో వండడం వింత కాదు. వెదురులో నిలవ చేయడం మాత్రం నేను ఇదే చూడడం.

ఎన్ని రోజులు ఎండబెట్టాలమ్మా అని ఆ ఇంటి పెద్దావిడను అడిగాను. మనవడు హిందీలో చెప్పిన జవాబు: "ఎండను బట్టి." వడియాల గురించి అడిగితే మా అమ్మ చెప్పేది కూడా ఇదే మాట. ఆకును గుప్పెటలో నలిపి, చప్పుడు విని, చాలు అని ఆవిడ అన్నారు. నా సంచిలో ఉన్న తేమ కొలిచే పరికరాన్ని బయటికి తీయడానికి మొహమాటం అనిపించి తీయలేదు.

ఆవిడ కాచి ఇచ్చిన టీ రంగు లేత కాషాయం. పొగ వాసన మొదటి గుక్కలోనే వచ్చి వెంటనే తప్పుకుంది, ఆ తరువాత నాలుక మీద మిగిలింది తీపి. అవే బిళ్లలతో మూడుసార్లు కాచారు. మూడోసారికి పొగ పూర్తిగా పోయి, ఎండుగడ్డిని గుర్తుచేసే కమ్మదనం మిగిలింది. నాలుగు బొంగులు కొన్నాను. బొంగు మీద ఆకు కోసిన నెలను పెన్సిలుతో రాయించుకున్నాను. ఆ ఇంట్లోవాళ్లకు అది చాదస్తంగా కనిపించినట్టుంది.

మార్చి 23, జోర్హాట్

ఇక్కడ రెండు రోజులు ఉన్నాను. 1911 నుంచి నడుస్తున్న టోక్లాయ్ తేయాకు పరిశోధనా కేంద్రం ఉన్న ఊరు ఇది. ఒక కర్మాగారంలో ఆర్థడాక్స్ తయారీ, అంటే ఆకును గుళికలు చేయకుండా ఆకుగానే చుట్టే పద్ధతి, చూడనిచ్చారు. తోటల్లో గడియారం మన దేశపు సమయానికి ఒక గంట ముందుంటుందన్న సంగతి తెలిసి కూడా మరిచిపోయి, మొదటి రోజు గంట ఆలస్యంగా వెళ్లి, వాడబెట్టిన ఆకును దించే పని చూడలేకపోయాను. రెండోరోజు డ్రయర్ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. ఈ ప్రాజెక్టులో అసలు ప్రశ్న ఏమిటో అక్కడే తేలింది.

డ్రయర్‌లో నూరు డిగ్రీలు దాటిన వేడిగాలి అరగంట లోపే ఆకులోని తేమను మూడు శాతం చుట్టుపక్కలకు దించేస్తుంది. దానితో ఆకులో రసాయన మార్పులు నడిపే ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, రుచి అక్కడికక్కడే నిలిచిపోతుంది. సంచి విప్పిన నాటి నుంచి ఆ టీకి ఇక మిగిలింది వెలిసిపోవడమే. మార్గెరిటాలో చూసిన ఆకు దారి వేరు. మూకుడు వేడికి అందులో మార్పు నెమ్మదిస్తుంది కానీ పూర్తిగా ఆగదు. ఎండ వేడి అంత తీవ్రం కాదు కాబట్టి కొన్ని ఎంజైములూ, ఆకును అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులూ మిగులుతాయి. అందుకే అది నిలవలో మారుతూ పోతుంది. ఇకనుంచి ఏ ఊళ్లోనైనా నేను అడగవలసిన మొదటి ప్రశ్న తోట పేరు కాదు, ఆకును దేనితో ఆరబెట్టారన్నది.

ఏప్రిల్ 4, కర్సియాంగ్

డార్జిలింగ్ మొదటి కోత నడుస్తున్న రోజులు. 1841లో డాక్టర్ క్యాంప్‌బెల్ అనే బ్రిటిష్ అధికారి తన పెరట్లో నాటిన విత్తనాలతో మొదలైన ఈ కొండల్లో నేడు ఆ పేరు వాడుకోగల తోటలు 87. భారతదేశంలో భౌగోళిక సూచిక (జీఐ) పొందిన మొట్టమొదటి సరుకు కూడా డార్జిలింగ్ టీయే.

ఇక్కడ ఎక్కువగా కనిపించేవి చైనా రకపు పొదలు. ఆకు చిన్నది, చలికి తట్టుకుంటుంది, దిగుబడి తక్కువ. శీతకాలం నిద్ర తీరాక వచ్చే మొదటి చిగుళ్లను తొట్లలో పరిచి, గాలి వదిలి, రాత్రంతా వాడబెడతారు. ఈ కోతలో ఎంతగా వాడబెడతారంటే, పొద్దున తీసేసరికి ఆకు సగానికి పైగా బరువు కోల్పోయి గుడ్డపేలికలా అయిపోతుంది. అంత ఆరిన ఆకు రోలర్ కింద పూర్తిగా నల్లబారదు. పేరుకు బ్లాక్ టీ అయినా మొదటి కోత పొడిలో పచ్చదనం మిగలడానికి కారణం ఇదే. నాలుగున్నర కిలోల పచ్చి ఆకుకు ఒక కిలో టీ వస్తుందని లెక్క.

ఇది డ్రయర్ టీయే కాబట్టి నా కొత్త ప్రశ్నకు ఇక్కడ పని లేదు. అయినా మా పట్టికలో ఇది ఉండాలని నిర్ణయించుకున్నాను. నిలవకు పనికిరాని టీ కూడా ఒకటి ఉంటే, నిలవ ఉండే టీ సంగతేమిటో తాగేవారికి తెలుస్తుంది. ఒక తోటలో మార్చి మూడో వారపు కోత నుంచి రెండు కిలోలు తీసుకున్నాను. ఆరు నెలల్లో అమ్మగలిగినంతే కొన్నాను.

సిలిగుడిలో ఒక వ్యాపారి ఇదే మొదటి కోత అంటూ సగం ధరకు సరుకు చూపించాడు. ఏ తోట అని అడిగితే మూడు పేర్లు చెప్పాడు. సరిహద్దుకు అవతల నేపాల్‌లోని ఇలాం కొండల టీ డార్జిలింగ్ పేరుతో చలామణీ అవుతోందన్న ఫిర్యాదు పాతదే. నాకు చిరాకు కలిగించినది ఆ టీ నాణ్యత కాదు, నిజానికి అది బాగానే ఉంది. ఇలాం టీని ఇలాం టీ అనే చెప్పి ఇస్తే నేనే కొనుక్కునేవాణ్ణి. రెండో నియమం ప్రకారం వదిలేశాను.

ఏప్రిల్ 21, మేంగ్‌హాయి

బ్యాంకాక్ మీదుగా యునాన్ రాజధాని కున్‌మింగ్ చేరి, అక్కడి నుంచి 2021 డిసెంబరులో మొదలైన చైనా-లావోస్ రైలు మార్గంలో షిషువాంగ్‌బన్నాలోని జింగ్‌హోంగ్ దాకా వచ్చాను. కొండల గుండా సొరంగాలు ఎన్ని దాటామంటే, దారిలో తేయాకు తోటలు చూద్దామని కిటికీ పక్క సీటు కోరుకున్నందుకు ఎక్కువసేపు చీకటే చూశాను. మేంగ్‌హాయికి కారులో వచ్చాను. భాష పూర్తిగా ఫోనులోని అనువాదం మీద ఆధారపడింది.

ఇది పుఎర్ టీ దేశం. ఆకు రకం అస్సాందే, పెద్దాకు. చెట్టు చూడగానే మార్గెరిటా పెరడు గుర్తుకొచ్చింది. చేసే పని కూడా దాదాపు అదే: కోసిన ఆకును కాసేపు పరిచి, వాలుగా బిగించిన పెద్ద మూకుడులో వేపి, చేత్తో నలిపి, ఎండలో ఆరబెడతారు. అలా ఆరినదాన్ని మావోచా అంటారు. దాన్ని తూచి, ఆవిరి పట్టి, గుడ్డలో మూటగట్టి, బరువైన రాతి అచ్చు కింద పెడతారు. ఆ అచ్చు మీద మనిషి ఎక్కి నిలబడి, అటూ ఇటూ ఊగుతూ గుండ్రటి బిళ్లగా నొక్కుతాడు. బిళ్ల బరువు 357 గ్రాములు. ఏడు బిళ్లలను వెదురు పొరలో చుట్టి కట్టగా కడతారు, కట్ట రమారమి రెండున్నర కిలోలు. నేనూ ఒకసారి ఆ రాయి ఎక్కాను. నేను నొక్కిన బిళ్ల ఒక పక్క పలచగా వచ్చింది, దాన్ని వాళ్లు నవ్వుతూ నాకే ఇచ్చేశారు.

పుఎర్‌లో రెండు తోవలు ఉన్నాయి. బిళ్లను అలాగే ఏళ్ల తరబడి మాగనిస్తే అది పచ్చి పుఎర్, షెంగ్. ఆ మాగుడును తొందరపెట్టడానికి, మావోచాను పెద్ద కుప్పలుగా పోసి, నీళ్లు చల్లి, గోనెలు కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ నెలన్నర, రెండు నెలలు పులియబెడితే అది పండిన పుఎర్, షౌ. ఈ రెండో పద్ధతి 1973లో కున్‌మింగ్ కర్మాగారంలో రూపుదిద్దుకుంది కాబట్టి, సంప్రదాయ టీల కోసం బయలుదేరిన నా లెక్కలో అది నిన్నమొన్నటిది. కుప్ప పోసిన గది గుమ్మంలో నిలబడితే ముక్కుకు తగిలే వాసన వాన తగిలిన ధాన్యపు కొట్టును గుర్తుచేస్తుంది. షౌను పట్టిక నుంచి తప్పించాను, నాకు నచ్చనందుకు కాదు, ప్రాజెక్టు గీతకు అవతల ఉన్నందుకు.

ఇక ధరల సంగతి. వందల ఏళ్ల చెట్ల ఆకు అని చెప్పి అడిగే ధర, పక్కనే వరుసల్లో నాటిన తోట ఆకు ధరకు పదింతలు ఉంటుంది. కొన్ని పేరుమోసిన ఊళ్లలో అంతకు మించి కూడా పోతుంది. కాగితం చుట్టిన బిళ్ల మీద ఊరి పేరు అచ్చు వేయడం అందరికీ చేతనైన పని. రుచిని బట్టి చెట్టు వయసు చెప్పగల నాలుక నాకు లేదు కాబట్టి, ఆ పందెంలో దిగలేదు. 2007లో ఈ టీ మీద జూదంలా సాగిన కొనుగోళ్లు ఒక్కసారిగా కుప్పకూలి, గోదాముల నిండా బిళ్లలు పట్టుకుని కూర్చున్నవారి కథలు ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను చూస్తుండగా వేపిన, వరుస తోటలోని ఈ వసంతపు ఆకుతో చేసిన బిళ్లలు నాలుగు తీసుకున్నాను. వంకర బిళ్లతో అయిదు.

ఏప్రిల్ 26, జింగ్‌మాయి కొండ

ఇక్కడి పాత తేయాకు అడవులు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. పైన పెద్ద అడవి చెట్లు, వాటి నీడలో తేయాకు చెట్లు, ఆ కొమ్మల మీద ఎండ్రకాయ కాళ్లలా కణుపులు కణుపులుగా వేలాడే బదనిక మొక్క. ఊళ్లలో ఉండేది ఎక్కువగా బ్లాంగులు, దాయిలు అనే తెగలవాళ్లు. బ్లాంగులు పచ్చి ఆకును ఉడికించి, వెదురు బొంగుల్లో కూరి, మట్టిలో పాతిపెట్టి పుల్లబెడతారు. దాన్ని తాగరు, నములుతారు. నాకు పెట్టిన ముద్ద మొదట పులుపు, వెంటనే వగరు, చాలాసేపటికి తీపి.

మధ్యాహ్నం ఒక దాయి ఇంట్లో వెదురు బొంగులో కూరిన టీ కడ్డీ కనిపించింది. ఎండిన ఆకును లేత వెదురులో కూరి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చి, బొంగును చీల్చి తీస్తారు. ఒక్క పొగ వాసన తప్ప, నా గదిలో ఉన్న సింగ్‌ఫో కడ్డీకీ దీనికీ తేడా కనిపించలేదు. సింగ్‌ఫోలూ, బర్మాలోని కచిన్‌లూ, యునాన్‌లోని జింగ్‌పోలూ ఒకే జాతి కొమ్మలని పుస్తకాల్లో చదివాను. పట్కాయి కొండలకు అటూ ఇటూ ఒకే ఆకు, ఒకే మూకుడు, ఒకే ఎండ, ఒకే వెదురు. మధ్యలో మూడు దేశాల సరిహద్దులు ఉన్నందువల్ల మాత్రమే ఒకటి అస్సాం టీ, మరొకటి చైనా టీ అయ్యాయి. దుకాణంలో ఈ రెండు కడ్డీలనూ పక్కపక్కనే పెట్టాలని అక్కడే అనుకున్నాను. ఒక చిన్న కడ్డీ కొన్నాను.

మే 12, విశాఖపట్నం

ఇంటికి వచ్చి పది రోజులయింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది గానీ, డైరీ అన్నాక రాయాలి.

రాగానే సరుకంతా ఒకే చెక్క బీరువాలో సర్ది, మర్నాడే దుకాణం పనిలో పడిపోయాను. వారం తరువాత తలుపు తీసేసరికి యునాన్ బిళ్లలన్నిటికీ సింగ్‌ఫో పొయ్యి పొగ పట్టింది. టీ ఆకు వాసనలను పీల్చుకుంటుందని వచ్చినవారందరికీ చెప్పే నేను, పొగబెట్టిన టీని పొగలేని టీ పక్కన పెట్టాను. బిళ్లలను పల్చటి గుడ్డలో చుట్టి నీడలో గాలికి ఉంచితే రెండు రోజుల్లో పొగ చాలావరకు పోయింది. అప్పుడు రెండో తప్పు జరిగింది. పుఎర్‌ను మట్టి జాడీలో నిలవ చేస్తారని నేను అన్న మాట పట్టుకుని, మా చెల్లెలు అటక మీది పాత జాడీని దించి, కడిగి, ఎండబెట్టి, రెండు బిళ్లలు అందులో పెట్టింది. అది పాతికేళ్లు ఆవకాయ పట్టిన జాడీ.

"అన్నయ్యా, మూడుసార్లు కడిగాను, వాసనే లేదు" అంది. మన ముక్కుకు లేదు. వేడినీళ్లు పోయగానే కప్పులోంచి ఆవపిండి, మెంతులు లేచాయి. పైగా ఇది మే నెల. వీధి మొత్తం మామిడికాయ కొట్టి ఆవకాయ కలుపుతున్నారు, ఏ కిటికీ తీసినా అదే ఘాటు. ఆ రెండు బిళ్లలూ పోయినట్టే. వంకర బిళ్ల మాత్రం జాడీలోకి వెళ్లలేదు, అంచు పలచగా ఉంది, విరిగిపోతుందని మా చెల్లెలు పక్కన పెట్టిందట.

చేసిన మార్పులు: ఫలాప్ బొంగులు దుకాణంలో, యునాన్ బిళ్లలు ఇంట్లో వంటగదికి దూరంగా ఉన్న గదిలో, డార్జిలింగ్ గాలి చొరని డబ్బాలో. గదిలో తేమ కొలిచే గడియారం పెట్టాము. సముద్రం పక్కన ఉండడంవల్ల తెల్లవారుజామున 80 శాతం దాటుతోంది. పుఎర్ మాగడానికి కొంత తేమ కావాలి గానీ, ఇంత తేమకు బూజు తప్పదు. బీరువాను బయటి గోడ నుంచి జరిపి, 65 శాతం దగ్గర నిలిచేలా తేమ లాగే యంత్రాన్ని రాత్రిళ్లు నడుపుతున్నాము.

జూన్ 8, విశాఖపట్నం

నాలుగు ఆదివారాలు కాచి చూసి కొలతలు స్థిరపరిచాము. డార్జిలింగ్ 150 మి.లీ. నీటికి 3 గ్రాములు, మరిగిన నీటిని రెండు నిమిషాలు చల్లార్చి పోసి, మూడు నిమిషాలకు వడకట్టాలి. ఫలాప్ 4 గ్రాముల బిళ్లకు 250 మి.లీ. సలసల కాగే నీరు. యునాన్ టీ 100 మి.లీ. గిన్నెకు 5 గ్రాములు, మొదటి నీళ్లు పారబోసి, తరువాత కొద్ది క్షణాల చొప్పున ఆరేడుసార్లు. బోరు నీటితో మూడూ మందకొడిగా వచ్చాయి, వడపోత నీటితో తేరుకున్నాయి.

పట్టికలో రుచి ఎలా రాయాలన్న దాని మీద మా ఇద్దరికీ వాదన జరిగింది. నేను పువ్వుల పేర్లు, పళ్ల పేర్లు రాస్తే మా చెల్లెలు కొట్టేసింది. చేదు, వగరు, తీపి, కమ్మదనం, పొగ అన్న అయిదు మాటలు చాలంది. యునాన్ బిళ్లకు "లేత జామకాయ వగరు" అని తనే రాసింది. నేను రాసిన దేనికన్నా అది దగ్గరగా ఉంది.

అమ్మకానికి పెట్టినవి రెండే, ఫలాప్, డార్జిలింగ్. యునాన్ టీని అమ్మడం లేదు. దిగుమతి-ఎగుమతి కోడ్‌కు దరఖాస్తు చేశాను. రేవులో ఆహార భద్రతా సంస్థ అనుమతి, సుంకం కలిపితే బిళ్ల ధర ఇక్కడికి చేరేసరికి రెండింతలు దాటుతుంది. ఒక కట్ట తెప్పించి చూడాలా, ఫలాప్‌నే ఎక్కువ తెప్పించుకోవాలా అన్నది తేలలేదు. ఫలాప్ వైపు మొగ్గుతున్నాను. మొదటి బొంగు మూడు వారాల్లో అయిపోయింది. తాగినవారిలో సగం మంది చక్కెర అడిగారు, మిగతా సగం మంది రెండో గ్లాసు అడిగారు.

ఈ ఉదయం మిగిలిన యునాన్ బిళ్లలను తూచాను. మంచి బిళ్ల 357 గ్రాములది 363 ఉంది, అంటే మే నెలలో 6 గ్రాముల చెమ్మ తాగింది. వంకర బిళ్ల పలచని అంచు దగ్గర తెల్లటి చుక్క ఒకటి కనిపించింది. మెత్తటి కుంచెతో తుడిచి, ఆ అంచు విరిచి విడిగా పెట్టాను. రెండింటినీ మళ్లీ జూలై 8న తూచాలి. రెండో బొంగును రేపు చీల్చాలి.